అంచు పైన గీత

ఆ మందుల పరీక్షాలయంలో ఆయన్ని అందరూ గీతాయన అనేవాళ్ళు. గాజు ఫ్లాస్కు మెడ చుట్టూ వెంట్రుకంత గీత చెక్కి ఉంటుంది. నీళ్ళు ఆ గీతను తాకాలి, దాటకూడదు. ఫ్లాస్కును బల్ల మీద పెట్టి, మోకాళ్ళు వంచి, కన్ను గీతకు సమానంగా దించి, ఊపిరి బిగబట్టి ఆఖరి చుక్క వదిలేవాడాయన. ఆ చుక్క ఎక్కువైందా, మొత్తం తొట్టిలో పారబోసి మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఇరవయ్యారేళ్ళుగా అదే తంతు. ఈమధ్య వంగినప్పుడల్లా మోకాళ్ళు పుల్లలు విరిగినట్టు చప్పుడు చేస్తున్నాయి, అంతే తేడా.

ఆ సోమవారం పొద్దున అలా వంగి ఉన్నవాడికి ఫ్లాస్కు పొట్టలో ఒక మనిషి కనిపించింది. కిటికీ అవతల, గేటు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్న ఆడమనిషి. నీళ్ళ గుండా చూడటం వల్ల తలకిందులుగా, గోరంత ఉంది. ఒడిలో చేతిసంచి పెట్టుకుని కదలకుండా ఉంది. ఆయన తలెత్తి కిటికీలోంచి చూశాడు. ఎవరి కోసమో వచ్చిన మనిషిలా మామూలుగానే కూర్చుని ఉంది.

కడగాల్సిన గాజుసామాను బుట్టకోసం ముసలావిడ వచ్చింది. ఆవిడ అక్కడ అందరికీ అత్త. అందరూ అత్తా అత్తా అంటుంటే ఊరుకోక, ఆవిడ కూడా మగవాళ్ళందరినీ అల్లుళ్ళను చేసేసింది. అధికారిని మాత్రం చాటున పెద్దల్లుడు అంటుంది.

"ఏం అల్లుడూ, చుక్క చేతిలోనే ఎండిపోయేట్టుందే," అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. బెంచీ మీద మనిషి నాలుగు రోజులుగా వస్తోందట. లోపలికి రానివ్వొద్దని పెద్దల్లుడు కాపలావాడికి గట్టిగా చెప్పాడట. ఆమె చేతిలో ఉన్న కాయితం మీద సంతకం గీతాయనదేనట.

"నా సంతకం ఎన్ని కాయితాల మీద లేదు," అన్నాడాయన.

"ఉంటాయిలే. వాటిల్లో ఏదీ ఇలా గేటు ముందుకొచ్చి కూర్చోలేదు."

మధ్యాహ్నం అధికారి భోజనానికి వెళ్ళగానే అత్త ఆమెను పెరటి తలుపులోంచి గాజుసామాను కడిగే గదిలోకి తీసుకొచ్చింది. గీతాయనను పిలవలేదు. "నీ పిపెట్టు గొట్టం ఒకటి పగిలింది, వచ్చి చూసుకో," అని కేక వేసింది. ఆయన పరుగున వచ్చాడు. పిపెట్టు ఏదీ పగల్లేదు.

ఆమెకు ముప్పై లోపే ఉంటాయి. తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు, చేతులు జోడించలేదు. జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పింది. నాలుగేళ్ళ కూతురికి రొమ్ము నిండా నెమ్ము చేరింది. ఆసుపత్రిలో మంచం ఖాళీ లేదని డాక్టరు రెండు సీసాల మందిచ్చి ఇంటికి పంపాడు. సీసాలో పొడి ఉంటుంది, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి గిలకొట్టాలి. పూటకొక కొలత, రోజుకు మూడు పూటలు. అయిదు రోజులు పోసినా జ్వరం దిగలేదు. ఆరో రోజు మంచం దొరికింది. ఏడో రోజు ఆ మంచం మళ్ళీ ఖాళీ అయింది.

మందు మంచిది కాదేమోనని ఇంట్లో మగవాళ్ళు వెళ్ళి అడిగితే ఆసుపత్రివాళ్ళు ఫైలు తీసి చూపించారట. ఆ బ్యాచ్ సీసాలను పరీక్షాలయంలో చూశారు, నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు మందుంది, కింద సంతకం. మందు మంచిదైతే ఇక మిగిలింది మందు పోసిన చెయ్యే. ఆమె అత్తగారు అందరి ముందూ అనేసింది, నిద్రమత్తులో పూటలు ఎగ్గొట్టి ఉంటుందని. భర్త అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఏడాదిన్నర చిన్నపిల్ల ఒకతె ఉంది. ఆ పిల్లను ఆడపడుచు ఇంటికి పంపించేశారు.

"పాలు కూడా నన్ను పట్టనివ్వట్లేదు సారూ," అంది. "నా చెయ్యి మంచిది కాదంట."

గీతాయన కాయితం తీసుకుని చూశాడు. నకలే అయినా సంతకం తనదే. చివర తోక కాస్త పైకి లేచి ఉంటుంది, అదీ ఉంది. మందు మంచిదేనమ్మా, నేనే చూశాను అని చెప్పాడు.

"అయితే నేనేం తప్పు చేశానో చెప్పండి. మీరు కొలిచేవాళ్ళు కదా. నేనెలా కొలిచానో చూసి చెప్పండి."

సంచిలోంచి ఆమె చిన్న కొలత గిన్నె తీసింది. సీసా మూత మీద బోర్లించి వస్తుంది, తెల్లటి ప్లాస్టిక్‌ది, లోపల పోసింది బయటికి కనపడేంత పల్చన. దాని నడుముకు కాస్త పైన ఒక గీత. కుళాయి తిప్పి ఖాళీ సీసాలో నీళ్ళు పట్టింది. గిన్నెను రాతిబల్ల మీద పెట్టింది. చేత్తో పట్టుకుని పోయలేదు. మోకాళ్ళు వంచింది. కన్ను గీతకు సమానంగా దించింది. ఊపిరి బిగబట్టింది. నీళ్ళు సన్నటి దారంలా వదిలి, గీత దగ్గరికి వచ్చేసరికి చుక్కలు చుక్కలుగా చేసి, నీటి అంచు గీతను తాకగానే సీసా ఎత్తేసింది.

అత్త గీతాయన మొహం వైపు చూసి మళ్ళీ తొట్టిలోకి చూసింది. ఆ వంగటం గీతాయనది. ఎవరికీ అంత బాగా నేర్పలేకపోయాడు.

"ఎవరు చెప్పారు నీకిలా చూడాలని?"

"ఎవరూ చెప్పలేదు. పైనుంచి చూస్తే ఒకలా, కిందనుంచి చూస్తే ఒకలా ఉంది. సమానంగా చూస్తేనే నిజంగా ఉంది."

ఆమె మూత తీయని రెండో సీసాను బల్ల మీద పెట్టి, తీసుకోమనో వద్దనో కూడా అనకుండా, వచ్చిన తలుపులోంచే వెళ్ళిపోయింది.

ఆయన విభాగం పని పిల్లలకిచ్చే మందుల్లో సూక్ష్మజీవులను చంపే మందు ఎంతుందో తేల్చటం. పొడిని తూచి, నీళ్ళలో కరిగించి, వడగట్టి, గీత దాకా నింపి, ఆ నీటిని వేలెడంత గాజు సెల్‌లో పోసి యంత్రంలో పెడతారు. యంత్రం అందులోంచి కంటికి కనిపించని వెలుగును పంపిస్తుంది. మందు ఎంతుంటే అంత వెలుగును మింగేస్తుంది. అవతలికి వచ్చిన వెలుగును చూసి, మింగిందెంతో కట్టి, మందు ఇంత అని యంత్రం అంకె వేస్తుంది. అయితే దానికి ముందుగా ఒక బ్లాంకు చూపించాలి. బ్లాంకంటే మందు తప్ప తక్కినవన్నీ ఉన్న నీళ్ళు. తీపి, రంగు, వాసన. వీటిని లెక్కలోకి తీసుకోకు అని యంత్రానికి ముందే చెప్పటమన్నమాట. అందుకు కంపెనీవాళ్ళు మందు కలపని పొడి పొట్లం వేరే పంపాలి.

ఆ పొట్లాలు ఎప్పుడూ ఆలస్యమే. ఈ మందుకు పొట్లంతో చూసినా వట్టి నీళ్ళతో చూసినా అంకె మారదని ఏళ్ళ కిందట ఆయనే గమనించాడు. కంటికి కనిపించే రంగు కనిపించని వెలుగు జోలికి రాదు. కొత్తగా చేరినవాళ్ళకల్లా ఆ ముక్క నేర్పాడు. వాళ్ళు పుస్తకాల్లో రాసుకున్నారు.

సాయంత్రం అందరూ వెళ్ళబోతుండగా ఆయన రిజిస్టరు తీశాడు. రెండు నెలల కిందటి పేజీలో ఆ బ్యాచ్ నంబరు, తూకాలు, గీతలు, అన్నీ ముత్యాల్లాంటి దస్తూరీలో ఉన్నాయి. కింద: బ్లాంకు, నీళ్ళు. సీసాను దీపం దగ్గరికి తీసుకెళ్ళి తిప్పాడు. ముందువైపు పండు బొమ్మ. బొమ్మ పక్కన, పిల్లల కోసం రాసినంత అందంగా, కొత్త రంగు, కొత్త వాసన అని రాసి ఉంది.

మర్నాడు సీసా మూత తీశాడు. పొడి ఇదివరకటికంటే ముదురు పసుపు. మూత తీయగానే మిఠాయి వాసన గదంతా నిండింది. ఆయన ఎప్పుడూ వెలుగును ఒక్క చోటే నిలిపి అంకె చూసుకునేవాడు. ఆ రోజు ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిపించి యంత్రంతో గీత గీయించాడు. ముందు స్వచ్ఛమైన మందుతో చేసిన నీళ్ళు పెట్టాడు. కాయితం మీద నున్నటి కొండ ఒకటి లేచి దిగింది. తర్వాత సీసాలో మందు పెట్టాడు. కొండ లేచింది. దిగాల్సిన చోట దిగలేదు. దాని వీపు మీద ఇంకో చిన్న కొండ ఎక్కి కూర్చుంది, తల్లి వీపు మీద బిడ్డలాగా.

ఆయన రెండు కాయితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూశాడు. కాయితాల వెనక, వెలుగులో, బెంచీ మీద మనిషి నీడలా కనిపించింది. కాయితాలు దించేశాడు.

చిన్న కొండ రంగుదో వాసనదో, మొత్తానికి మందుది కాదు. ఎంతవరకు మందో తేలాలంటే పాత పద్ధతి ఒక్కటే దిక్కు. యంత్రం రాకముందు సూక్ష్మజీవులను గాజుపళ్ళేల్లో పెంచి వాటి మీద మందు చుక్కలు వేసేవాళ్ళు. మందున్న చుక్క చుట్టూ అవి చచ్చి, తేటగా గుండ్రటి జాగా ఏర్పడుతుంది. ఒక రోజు పట్టే పని. ఆయన పళ్ళేలు తీసి, స్వచ్ఛమైన మందును పూర్తిగా, ముప్పాతిక, సగం పాళ్ళలో చేసి ఒక వరస చుక్కలు వేశాడు. చివర సీసాలో మందు చుక్క వేశాడు. గాజు మీద రాసే మైనపు పెన్సిలుతో ప్రతి చుక్క కిందా గుర్తు పెట్టి, పళ్ళేలను వెచ్చటి పెట్టెలో దాచి ఇంటికి వెళ్ళాడు.

ఇంట్లో భార్య మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసును బల్ల మీద పెట్టి, వంగి, దాని వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఏవండీ, ఇంట్లో నీళ్ళకి కూడా గీతలా?" అందావిడ.

మన పిల్లలకు చిన్నప్పుడు మందెలా పోసేదానివని ఆయన అడిగాడు. ఆవిడ నవ్వింది. చేతికి దొరికిన చెంచాతో పోసేదాన్ని, గింజుకుంటే సగం చొక్కా మీద పడేది, ఎంత పడిందో ఏమోనని ఇంకో చెంచా పోసేదాన్ని, గీతలు చూసే తీరికెవరికి అంది. వాళ్ళిద్దరూ ఎదిగి, గడ్డాలు మీసాలు వచ్చి, తలో చోటా ఉద్యోగం చేసుకుంటున్నారు. ఆయన గ్లాసెత్తి నీళ్ళన్నీ తాగేశాడు. ఆ పూట అన్నం సరిగా తినలేదు. పక్క మీద వాలి, గోడమీది పిల్లల ఫోటో వంక చూడకుండా అటు తిరిగి పడుకున్నాడు.

బుధవారం పొద్దున పళ్ళేలు తీశాడు. మసక పొర మీద తేటగా గుండ్రాలు. పూర్తి మందు చుట్టూ పెద్దది, ముప్పాతిక చుట్టూ కొంచెం చిన్నది, సగం చుట్టూ ఇంకొంచెం చిన్నది. సీసాలో మందు చుట్టూ ఉన్నది సగందాని పక్కన పెడితే తోబుట్టువులా ఉంది. కొలబద్ద పెట్టి మూడుసార్లు కొలిచాడు. నూటికి యాభైనాలుగు. సూక్ష్మజీవులకు రంగుతో, వాసనతో పనిలేదు. మందున్నంత మేరా చచ్చాయి, మిగిలినచోట హాయిగా బతికాయి.

అత్త తలుపులోంచి తొంగిచూసి, "ఏం చెబుతున్నాయి అల్లుడూ నీ పురుగులు?" అంది. ఆయన పళ్ళెం ఆవిడ వైపు తిప్పాడు. అత్త చూసి, బుట్ట తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

అధికారి ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పటికీ గురువుగారూ అనే పిలుస్తాడు. పళ్ళెం చూశాడు, కాయితాల మీది కొండలు చూశాడు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మంచిమాటగానే మొదలుపెట్టాడు. కంపెనీకి గట్టిగా రాద్దాం, ఇకనుంచి పొట్లం లేనిదే ఏ సీసా ముట్టుకోవద్దు అన్నాడు. ఆ బ్యాచ్ సంగతో అని గీతాయన అడిగాడు.

"బ్యాచ్ ఎప్పుడో అయిపోయింది గురువుగారూ. ఎవరి కడుపులోంచి వెనక్కి తెప్పిస్తాం?"

పాత రిపోర్టు తప్పని రాయాలి కదా అన్నాడు గీతాయన. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రంగు మారాక వచ్చిన బ్యాచ్‌లు పదకొండు. అన్నీ వట్టి నీళ్ళ బ్లాంకుతోనే పాసయ్యాయి. ఒకటి తిరగదోడితే పదకొండూ తిరగదోడాలి. అందులో గీతాయన సంతకాలున్నాయి, తనవీ ఉన్నాయి, నిన్నగాక మొన్న చేరినవాళ్ళవీ ఉన్నాయి.

"కనిపించే రంగు కనిపించని వెలుగు జోలికి రాదని మాకు నేర్పింది మీరే కదా," అన్నాడు అధికారి. ఎత్తిపొడుపుగా అనలేదు. పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు.

"అవును. తప్పు నేర్పాను."

అధికారి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. మీరు ఏం రాసినా మీ పేరు మీదే రాసుకోండి, ఈ ఆఫీసు ముద్ర దానికి పడదు అన్నాడు. రేపటినుంచీ ఆ యంత్రం దగ్గర ఇంకొకరు కూర్చుంటారనీ చెప్పాడు.

గీతాయన తన బల్ల దగ్గరికి వచ్చాడు. రిజిస్టరులో రెండు నెలల కిందటి పేజీ తీసి, తొంభైతొమ్మిది అంకె మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత కొట్టాడు. పక్కన యాభైనాలుగు అని వేసి, బ్లాంకు తప్పు అని రాసి, తేదీ వేసి సంతకం చేశాడు. ఇంతకాలం ఆయన రిజిస్టరులో కొట్టివేత అన్నది లేదు. తర్వాత అదే సంగతిని, పదకొండు బ్యాచ్‌ల నంబర్లతో సహా, మూడు కాయితాల మీద రాశాడు. ఒకటి అధికారి బల్ల మీద పెట్టాడు. ఒకటి కవరులో పెట్టి, తనే నడిచి వెళ్ళి ఆసుపత్రికి రిజిస్టర్డు పోస్టులో పంపాడు. మూడోది మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. ఆ రోజుకు ఆమె వెళ్ళిపోయింది.

గురువారం ఆయన పరీక్షాలయంలోకి వెళ్ళలేదు. గేటు పక్కన ఆగి, బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది. గేటు లోపల కాపలావాడు ఇటు చూడనట్టు నటిస్తూ చెప్పు విప్పి దులుపుకున్నాడు.

"నీ కొలత తప్పు కాదమ్మా," అన్నాడు గీతాయన. "నాది తప్పు."

తిడుతుందనుకున్నాడు. తిడితే పడదామనే వచ్చాడు. మందు సగమే ఉన్న సంగతీ, రంగును కూడా మందని లెక్కగట్టిన సంగతీ, అది తన చేతుల మీదుగానే జరిగిన సంగతీ దాచకుండా చెప్పి, కాయితం ఇచ్చాడు. ఆమె ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ చదివింది. చివర సంతకం దగ్గర వేలు ఆగింది.

"ముద్ర లేదే. ఇది చూపిస్తే ఒప్పుకుంటారా?"

ఒప్పుకోకపోతే వాళ్ళను ఇక్కడికి తీసుకురా, నేనే చెబుతాను, లోపలికి రానివ్వకపోతే ఈ బెంచీ మీదే కూర్చుని చెబుతాను అన్నాడు. ఆమె తలూపింది. కాయితాన్ని మడత మీద మడత పెట్టి సంచి అడుగున ఎక్కడో దాచింది.

"అయితే చిన్నదాన్ని తెచ్చుకోవచ్చు," అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

లేస్తుందనుకున్నాడు. లేవలేదు. సంచిలోకి వెళ్ళిన చెయ్యి బయటికి రాలేదు. వీధిలో ఎవరో తోపుడుబండి నెట్టుకుంటూ పోయారు.

"అయిదో రోజు పొద్దున నా చెయ్యి జారింది సారూ," అంది ఆమె. "మందు గీత దాటింది. పిల్ల నోరు తెరుచుకునే ఉంది, ఆయాసంతో. పోసేద్దామనుకున్నాను. ఎక్కువైతే ప్రమాదమని డాక్టరు చెప్పాడు కదా. అందుకని మళ్ళీ గిన్నె బల్ల మీద పెట్టి, వంగి చూసి, ఎక్కువైంది సీసాలోకి వొంపేశాను. గీత దాకానే పోశాను."

ఆమె చెయ్యి బయటికి వచ్చింది. కొలత గిన్నెను ఇద్దరి మధ్యా సిమెంటు మీద పెట్టింది. అడుగున పసుపు మరక ఎండిపోయి ఉంది. సోమవారం అన్ని నీళ్ళు పోసినా పోలేదు.

"మీరు కొలిచేవాళ్ళు కదా. చెప్పండి. ఈ గీత ఎక్కడుండాల్సింది?"

ఆమె గొంతులో నిందేమీ లేదు. దారి అడిగినట్టు అడిగింది.

గీతాయనకు జవాబు తెలుసు. సగమే ఉన్న మందుకు దాదాపు రెండింతలు పోయాలి, లెక్క ఆయన తలలో అప్పటికే అయిపోయింది. అలవాటు మీద చెయ్యి జేబులోకి పోయి మైనపు పెన్సిలు తీసింది. బెంచీ మీంచి దిగి, నేల మీద మోకాళ్ళు ఆనించాడు. అవి చప్పుడు చేశాయి. కన్ను గిన్నెకు సమానంగా దించాడు. ఉన్న గీతనుంచి పెన్సిలు కొనను మెల్లగా పైకి జరిపాడు. పైకి, ఇంకా పైకి. ప్లాస్టిక్ అయిపోయింది. గిన్నె అంచు వచ్చింది. గీత పెట్టటానికి అక్కడ చోటు లేదు. పెన్సిలు అంచు దాటి ఇంకొంచెం పైకి వెళ్ళి, గాలిలో ఒక చోట ఆగింది.

ఆమె కూడా బెంచీ దిగి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. తల వంచి, పెన్సిలు కొనకు సమానంగా కన్ను దించి, ఊపిరి బిగబట్టి, ఆ గాలిలోకి చూసింది. గిన్నె అవతలినుంచి ఆయన కన్ను, ఇవతలినుంచి ఆమె కన్ను.